చిన్న కమతానికి లెక్క కట్టడం ఎలా: ఎకరం దిగుబడి ఒక్కటే చూసి మోసపోకండి

చిన్న రైతుకి సేద్యం లాభమా నష్టమా అని అడిగితే చాలామంది చేసే పని ఒకటే. దిగుబడిని ధరతో హెచ్చవేసి, ఖర్చు తీసేసి, మిగిలిన అంకె చెప్పేస్తారు. అమ్మడానికే పండించే పెద్ద తోటలకైతే అది సరిపోవచ్చు. కానీ పండినదాంట్లో సగం ఇంట్లోనే తినే, పనిలో ముప్పాతిక ఇంటివాళ్ళే చేసే, మధ్యలో నాలుగు రోజులు బయటి కూలికీ వెళ్ళే కుటుంబానికి ఆ లెక్క తప్పు చెబుతుంది, ఆ తప్పు లెక్క మీద ఆధారపడి ఇచ్చే సలహాలు ఆ ఇంటిని ముంచుతాయి. ఇదేమీ చిన్న విషయం కాదు. ప్రపంచంలో 60 కోట్లకు పైగా కమతాలుంటే, అందులో నూటికి 84 రెండు హెక్టార్ల లోపువే అని ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) పరిశోధకులు 2021లో లెక్క తేల్చారు. వాళ్ళ చేతిలో ఉన్నది మొత్తం సాగుభూమిలో 12 శాతమే, ప్రపంచ ఆహారంలో వాళ్ళు పండించేది మాత్రం మూడో వంతుకు పైనే.

స్వచ్ఛంద సంస్థలో పనిచేస్తున్నా, రైతు సంఘం పుస్తకాలు చూస్తున్నా, లేదా మీదే ఒక చిన్న కమతం ఉండి వచ్చే పంటకి ఏం చేయాలో తేల్చుకోలేక టెన్షన్ పడుతున్నా, ఈ పద్ధతి పనికొస్తుంది. ఒక నోటు పుస్తకం, పెన్సిలు, ఇంట్లో అందరితో కూర్చుని మాట్లాడే ఓపిక ఉంటే చాలు. ఇంటి పెద్ద ఒక్కడితో మాట్లాడి వచ్చేస్తే మాత్రం సగం లెక్క అక్కడే పోయినట్టు.

ముందు ఇల్లు, తర్వాతే పొలం

మొదటి పేజీలో పంట పేరు రాయకండి. ఒకే పొయ్యి మీద వండుకు తినేవాళ్ళు ఎంతమంది, అందులో పని చేయగలిగినవాళ్ళు ఎవరు, గడిచిన 12 నెలల్లో ఇంట్లోకి ఏ ఏ దారిలో ఎంత వచ్చింది, ఇవి రాయండి. పంట, పాడి, కోళ్ళు, కూలి, చిన్న వ్యాపారం, ఊరు దాటి వెళ్ళినవాళ్ళు పంపే డబ్బు, పింఛను, అన్నీ. ఇలా రాసినప్పుడు ఇంట్లోవాళ్ళే ఆశ్చర్యపోతారు, ఎందుకంటే తమను రైతులుగా చెప్పుకునే చాలా ఇళ్ళలో పంట రాబడి సగం కూడా ఉండదు. భారత ప్రభుత్వం 2018-19లో వ్యవసాయ కుటుంబాల మీద చేసిన సర్వేలో సగటు నెల రాబడిలో కూలి, జీతాల వాటా దాదాపు 40 శాతం, పంటల వాటా 37 శాతం, పశువుల వాటా 15 శాతం చిల్లర. పంట ఒక్కటే చూసి ఆ ఇంటిని బాగుచేస్తామంటే మూడో వంతు చూసి మొత్తానికి మందు రాసినట్టే.

రెండో పేజీలో 12 నిలువు గీతలు గీసి, నెలకో గడి పెట్టండి. ఏ నెలలో డబ్బు వస్తుంది, ఏ నెలలో పోతుంది, ఏ నెలలో గింజలు అయిపోతాయి, ఏ నెలలో అప్పు చేస్తారు, ఏ నెలలో పని ఎక్కువ. మొత్తం సంవత్సరం కలిపి చూస్తే మిగులు కనిపించే ఇల్లు కూడా మూడు నెలలు పస్తులుండొచ్చు, అది ఈ గడుల్లోనే బయటపడుతుంది. నన్నడిగితే ఈ ఒక్క పేజీ మిగతా పుస్తకమంతటి కంటే ముఖ్యం. ఏ సలహా అయినా, ఏ కొత్త పంట అయినా ఇబ్బంది నెలల్ని తగ్గిస్తుందా పెంచుతుందా అన్నదే ముందు చూడాలి, ఎకరానికి ఎన్ని బస్తాలు అన్నది ఆ తర్వాత.

పని రోజులు అడిగే పద్ధతి

"ఈ పంటకి ఎన్ని రోజులు పని చేశారు" అని అడిగితే "రెండు నెలలు" అనో "ఎక్కడ లెక్కపెడతాం" అనో అంటారు. వాళ్ళ తప్పేం లేదు, ప్రశ్నే అలా ఉంది. దుక్కి నుంచి మొదలుపెట్టి పంటని వరుసగా నడిపించండి. దుక్కి రోజు పొలంలో ఎవరెవరున్నారు? విత్తనం ఎవరు వేశారు, పొద్దంతానా పూటేనా? మొదటి కలుపు ఎంతమంది తీశారు, ఎన్ని పూటలు పట్టింది? రెండో కలుపు? పిట్టలు తోలడానికి పిల్లలెవరైనా వెళ్ళారా? కోత, నూర్పిడి, ఎండబెట్టడం, మోత? ఇలా అడిగితే జ్ఞాపకం దానంతటదే వస్తుంది, ముఖ్యంగా ఆడవాళ్ళ పని బయటికొస్తుంది, ఎందుకంటే కలుపు, ఎండబెట్టడం, చెరగడం, విత్తనం దాచడం లాంటివి "పని" అనగానే ఎవరికీ గుర్తు రావు.

ఆడవాళ్ళ మడి వేరు, మగవాళ్ళ మడి వేరుగా ఉండే చోట రెండింటి లెక్కా వేరుగా రాయండి. బుర్కినా ఫాసోలో ఒకే ఇంట్లో, ఒకే పంట వేసిన మడులను పోల్చి చూసిన ఆర్థికవేత్త క్రిస్టఫర్ ఉడ్రీ, ఆడవాళ్ళ మడుల్లో దిగుబడి తక్కువగా ఉందనీ, దానికి కారణం పశువుల ఎరువూ కూలీలూ మగవాళ్ళ మడులకే ఎక్కువగా వెళ్ళడమనీ 1996లో చూపించాడు. ఉన్న ఎరువునీ మనుషుల్నీ ఇంట్లోనే సరిగ్గా పంచుకుంటే, పైసా ఖర్చు లేకుండా పంట పెరిగేది. ఇంటి మొత్తాన్ని ఒకే గంపలో వేసి లెక్క కడితే ఇది కనిపించదు.

ఒకే పొలం, మూడు జవాబులు

ఇప్పుడు అంకెలతో చూద్దాం. ఏ దేశపు డబ్బైనా అనుకోండి. ఒక కమతంలో 20 బస్తాలు పండాయి, 8 ఇంటికి ఉంచుకుని 12 అమ్మారు. కోతల్లో ధర బస్తాకి 50, కాబట్టి చేతికొచ్చింది 600. ఖర్చులు: విత్తనం 60, ఎరువు 150, దుక్కి బాడుగ 90, కోత కూలీలు 60, బండి కిరాయి 20, కలిపి 380. అందులో 300 అప్పు తెచ్చిందే, నెలకి నూటికి మూడు చొప్పున ఆరు నెలలకి వడ్డీ 54. మొత్తం 434. పనిముట్ల అరుగుదల ఇంకో 16 వేసుకుంటే 450. ఇంటివాళ్ళ పని 100 రోజులు.

చేతిలో డబ్బు మాత్రమే చూస్తే 600 లోంచి 434 పోగా 166 మిగిలింది. "పంటకి ఇంతే మిగిలిందా" అని రైతు నిట్టూర్చేది ఈ అంకె చూసే.

కానీ ఇంట్లో ఉంచుకున్న 8 బస్తాలు ఏమయ్యాయి? వాటికి విలువ కట్టాలి, ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. కోతలప్పటి 50 వేయకూడదు, ఎందుకంటే ఆ గింజలు ఇంట్లో లేకపోతే ఏడాది పొడవునా కొట్టులో కొనుక్కోవాలి, అక్కడ సగటున 65 పడుతుందనుకోండి, అప్పుడు వాటి విలువ 520. మొత్తం రాబడి 1120, 450 తీసేస్తే 670. దాన్ని 100 రోజులతో భాగిస్తే రోజుకి 6.7. ఇంటి కష్టానికి, సొంత భూమికి కలిపి దొరికిన ప్రతిఫలం అదీ. తిండిగింజలు మానేసి అమ్ముడు పంటకి మళ్ళమని సలహా ఇచ్చేవాళ్ళు ఈ 50కీ 65కీ మధ్య తేడాని మర్చిపోతుంటారు. కొనే ధరకీ అమ్మే ధరకీ మధ్య దూరం ఎంత ఎక్కువుంటే ఇంటి తిండి ఇంట్లో పండించుకోవడం అంత తెలివైన పని, మార్కెట్టుకి రోడ్డు సరిగా లేని ఊళ్ళలో మరీను.

మూడో జవాబు: ఊళ్ళో రోజు కూలి 8 అనుకుని ఇంటివాళ్ళ 100 రోజులకీ 800 కట్టేస్తే, 670 లోంచి 800 పోయి 130 నష్టం. అదే పొలం, అదే ఏడాది!

మూడూ నిజమే, ఒక్కో అంకె ఒక్కో ప్రశ్నకి జవాబు. అప్పు కట్టగలరా అంటే 166 చూడండి. ఇల్లు గడుస్తుందా అంటే 670. ఈ పని మానేసి కూలికి పోవడం మేలా అంటే మూడోది చూడాలి, కానీ ఒక షరతు మీద. ఆ 100 రోజులూ నిజంగా కూలి దొరుకుతుందా? 40 రోజులే దొరికేటట్టయితే 800 అనేది కాగితం మీది అంకె, బయట వచ్చేది 320 మాత్రమే. 1920ల్లోనే రష్యా ఆర్థికవేత్త అలెగ్జాండర్ చయనోవ్, రైతు కుటుంబం తన కష్టానికి కూలి కట్టుకుని లాభనష్టాలు చూసుకునే కంపెనీలా నడవదని గట్టిగా వాదించాడు. భారతదేశంలో సాగు ఖర్చుని ఏ2, ఏ2 ప్లస్ ఎఫ్‌ఎల్, సీ2 అని మూడు రకాలుగా కట్టడం వెనక ఉన్నదీ ఈ తేడానే. చేతినుంచి పోయిన ఖర్చు ఒకటి, దానికి ఇంటి కూలి కలిపితే ఇంకొకటి, సొంత భూమి కౌలూ సొంత డబ్బు వడ్డీ కూడా కలిపితే మరొకటి. గిట్టుబాటు ధర గురించి ఇద్దరు వాదించుకుంటుంటే ముందు ఎవరు ఏ ఖర్చు గురించి మాట్లాడుతున్నారో అడగండి.

కొత్త పద్ధతి చెప్పే ముందు పని క్యాలెండర్ చూడండి

మడగాస్కర్‌లో 1980ల్లో రూపుదిద్దుకున్న శ్రీ వరి పద్ధతి తక్కువ విత్తనంతో, తక్కువ నీటితో మంచి దిగుబడి ఇచ్చింది. అయినా అక్కడే చాలామంది పేద రైతులు మొదలుపెట్టి మానేశారు, కొందరు అసలు మొదలేపెట్టలేదు. లేత నారు జాగ్రత్తగా నాటడానికీ, మాటిమాటికీ కలుపు తీయడానికీ ఎక్కువ మనుషులు కావాల్సింది సరిగ్గా ఇంట్లో గింజలు అయిపోయే రోజుల్లో. ఆ రోజుల్లో వాళ్ళు పూట గడవడానికి పక్కవాళ్ళ పొలంలో కూలికి పోవాలి, సొంత మడిలో కూర్చుంటే సాయంత్రానికి తిండి లేదు. బయటినుంచి చూసినవాళ్ళకి అది బద్ధకంలా కనబడుతుంది.

జాంబియాలో ఇదే ముడిని ఇంకో వైపు నుంచి విప్పి చూశారు. ఇబ్బంది నెలల్లో చిన్న అప్పు, డబ్బుగానో మొక్కజొన్నగానో ఇచ్చి కోతలయ్యాక తీర్చమన్నారు. ఆ ఇళ్ళవాళ్ళు బయటి కూలికి తక్కువ వెళ్ళి సొంత పొలంలో ఎక్కువ పనిచేశారు, పంట పెరిగింది, కూలికి వచ్చేవాళ్ళు తగ్గేసరికి ఊళ్ళో కూలి రేటు కూడా పెరిగింది. విత్తనం, ఎరువు కాకుండా ఆ నెలలో తిండి గింజలే పెట్టుబడి అయిన సందర్భం అది.

కాబట్టి కొత్త పద్ధతి అనగానే రెండో పేజీ తెరిచి, దానికి అదనంగా పట్టే రోజులు ఏ గడిలో పడుతున్నాయో రాయండి. పని లేని నెలలో పడితే దాదాపు ఉచితం, కలుపూ ఆకలీ కలిసొచ్చే నెలలో పడితే మాత్రం చాలా ఖరీదు.

ఆఖరి బస్తా ఎరువు

ఎరువు విషయంలో అడగాల్సింది "వేస్తే లాభమా" అని కాదు, "ఇంకొంచెం వేస్తే ఆ కొంచానికి లాభమా" అని. పశ్చిమ కెన్యాలో ఆర్థికవేత్తలు ఎస్తేర్ డుఫ్లో, మైఖేల్ క్రెమర్, జోనథన్ రాబిన్సన్ రైతుల పొలాల్లోనే ప్రయోగాలు చేసి 2008లో ఫలితాలు ప్రకటించారు. మొక్కజొన్నకి పైపాటుగా కొద్దిగా వేసిన ఎరువు మంచి లాభం ఇచ్చింది, అధికారులు సిఫారసు చేసిన పూర్తి ప్యాకేజీ మాత్రం సగటు రైతుకి గిట్టలేదు. సిఫారసు కాగితం దిగుబడి కోసం రాసింది, రైతు జేబు కోసం రాసింది కాదు.

మీ పొలంలో తేల్చుకోవాలంటే పక్కపక్కనే మూడు సమాన చాళ్ళ పట్టీలు తీసుకుని ఒకదాంట్లో ఏమీ వేయకుండా, ఒకదాంట్లో సగం మోతాదు, ఒకదాంట్లో పూర్తి మోతాదు వేసి, కోతప్పుడు మూడూ వేరువేరుగా తూచండి. సగం నుంచి పూర్తికి వెళ్ళినప్పుడు పెరిగిన గింజల విలువ, ఆ రెండో సగం ఎరువు ఖరీదూ వడ్డీ కంటే బాగా ఎక్కువ ఉండాలి, సరిసమానంగా ఉంటే వేయకండి, ఎందుకంటే వాన ముఖం చాటేస్తే పోయేది మీ డబ్బే. ఒక్క సీజన్ చూసి నమ్మొద్దు. ఇంకో మాట, అదే కెన్యాలో కోతలవగానే, చేతిలో డబ్బుండగానే వచ్చే పంటకి ఎరువు కొనిపించి ఉచితంగా ఇంటికి చేర్చే ఏర్పాటు చేస్తే వాడకం బాగా పెరిగింది, అదే ఏర్పాటు ఎరువు వేసే అదునులో చేస్తే అంత ఫలితం లేదు. డబ్బున్న రోజే వచ్చే పంట సరుకు కొని ఇంట్లో పెట్టుకోవడం మంచి పద్ధతి.

అమ్మాలా, ఉంచాలా

కోతల్లో అందరూ ఒకేసారి అమ్ముతారు కాబట్టి ధర పడుతుంది, నాలుగైదు నెలలకి పెరుగుతుంది. పోయిన పంట అమ్మిన చేతులతోనే అదే గింజని ఎక్కువ పెట్టి కొనుక్కునే ఇళ్ళు ఆఫ్రికాలోనూ ఆసియాలోనూ కోకొల్లలు. "దాచుకుని అమ్మొచ్చుగా" అనేముందు లెక్క వేయండి. ఇప్పుడు 50 ఉన్న బస్తా ఐదు నెలలకి 75 అవుతుందనుకుందాం. పురుగుకీ ఎలుకకీ 10 శాతం పోతే చేతికొచ్చేది 67.5. ఇప్పుడే అమ్మి అప్పు కట్టేసి ఉంటే నూటికి మూడు చొప్పున తప్పే వడ్డీ 7.5, సంచి ఖర్చు 2, అంటే 59.5 దాటితేనే దాచినందుకు ఫలితం. ఇక్కడ బస్తాకి 8 మిగిలింది, బాగుంది. అదే వడ్డీ నూటికి ఐదై, నష్టం 20 శాతమైతే వచ్చేది 60, రావాల్సింది 64.5. దాచి నష్టపోయినట్టు. కాబట్టి ముందు తగ్గించాల్సింది వడ్డీనీ పురుగునీ. పురుగుకైతే గాలి చొరని మూడు పొరల సంచులున్నాయి, 1980ల చివర్లో కామెరూన్‌లో అలసందల కోసం తయారైన పద్ధతి అది, మందు అక్కర్లేదు, లోపల గాలి అయిపోయి పురుగు చస్తుంది. గింజ బాగా ఎండకుండా కడితే మాత్రం బూజు పడుతుంది.

కెన్యాలో కోతలప్పుడు అప్పిచ్చి గింజ దాచుకునేలా చేసిన ప్రయోగంలో రైతుల రాబడి పెరిగింది. ఒక ప్రాంతంలో చాలామంది దాచితే అక్కడి మార్కెట్లో ధరల ఎగుడుదిగుడులు తగ్గి, దాచినవాళ్ళకి వచ్చే లాభం తగ్గింది, అప్పు తీసుకోనివాళ్ళకి కూడా మేలు జరిగింది. మీ ఊళ్ళో అందరూ దాస్తుంటే 75 ఆశించకండి.

ఇక తూకం. కొనేవాడు బస్తాలో చెయ్యి పెట్టి గుప్పెడు తీసి, ఒక గింజ కొరికి, "పచ్చిగా ఉంది" అని 50 కిలోల బస్తాకి 3 కిలోలు తరుగు తీసేస్తాడు. మూడు కిలోలే కదా అనిపిస్తుంది, కానీ ధరలో 6 శాతం పోయింది, 50 అన్నది నిజానికి 47. సొంత కాటా మీద ముందే తూచి రాసుకుని వెళ్ళినవాడికీ ఊరికే వెళ్ళినవాడికీ జరిగే బేరం ఒకలా ఉండదు. నలుగురు కలిసి ఒక కాటా, ఒక తేమ మీటరు కొనుక్కోవడం సంఘం పెట్టడానికి మంచి మొదటి కారణం, పెద్ద పెద్ద గోదాముల కలలు తర్వాత కనొచ్చు.

వడ్డీని వడ్డీలా చూపించండి

పేపరు మీద లేని వడ్డీయే ఎక్కువ ఖరీదు. కొట్టువాడు 100 విలువైన ఎరువు అరువిచ్చి "కోతల్లో 3 బస్తాలు వెయ్యి" అన్నాడనుకోండి. కోతల్లో బస్తా 50, అంటే 150 కట్టినట్టు, ఐదు నెలలకి 50 వడ్డీ, నూటికి పది. అలాంటి అప్పులన్నీ ఇలా నెలకి నూటికి ఎంత అన్న ఒకే కొలతలోకి మార్చి, ఖరీదైనదాన్ని ముందు తీర్చండి. వారం వారం కట్టే అప్పు పంటకి తీసుకోకండి, ఆర్నెల్లకోసారి వచ్చే డబ్బుతో వారం వాయిదా కట్టాలంటే మధ్యలో ఇంకో అప్పు తప్పదు. పాలమ్మే ఇంటికైతే అది సరిపోవచ్చు.

రైతు పెట్టుబడి పెట్టకపోవడానికి కారణం ఎప్పుడూ డబ్బు లేకపోవడమే అనుకోకండి. ఉత్తర ఘనాలో కొందరికి డబ్బు, కొందరికి వాన బీమా ఇచ్చి చూస్తే, సేద్యం మీద ఖర్చు ఎక్కువగా పెరిగింది బీమా ఉన్నవాళ్ళలో. పంట పోతే ఇల్లు ఏమవుతుందోనన్న భయమే వెనక్కి లాగుతోంది. అందుకని మూడో పేజీలో చెడ్డ ఏడాది లెక్క రాయండి. దిగుబడి సగమైతే 12 గడుల్లో ఏవి ఖాళీ అవుతాయి, అప్పుడు ఏం అమ్ముతారు? దున్నే పశువుని అమ్మాల్సి వచ్చే ప్రణాళిక అయితే, మంచి ఏడాది ఎంత లాభం చూపించినా నేను వద్దనే అంటాను.

బయటి పని కూడా సేద్యం లెక్కలోదే

ఇబ్బంది నెలలు అప్పటికీ ఖాళీగానే ఉంటే ఎవరో ఒకరు ఊరు దాటాలి. బంగ్లాదేశ్‌లోని రంగ్‌పూర్ ప్రాంతంలో కోతలకు ముందు వచ్చే ఆకలి రోజుల్ని మొంగా అంటారు. 2008లో అక్కడ పరిశోధకులు పట్నం వెళ్ళిరావడానికి 8.5 డాలర్ల దారి ఖర్చు ఇస్తే, మనిషిని పంపిన ఇళ్ళ సంఖ్య బాగా పెరిగింది, ఇంటి దగ్గరున్నవాళ్ళ తిండి మెరుగైంది, తర్వాతి ఏళ్ళలో డబ్బివ్వకపోయినా కొందరు మళ్ళీ వెళ్ళారు. ఉత్సాహంగా దాన్నే పెద్ద ఎత్తున నడిపినప్పుడు మాత్రం అనుకున్న ఫలితం కనబడక 2019లో ఆపేశారు. ఒక చోట పనిచేసిందని ఇంకో చోట కళ్ళు మూసుకుని నమ్మలేం.

మీ ఇంటికి వేసుకోవాల్సింది ఇలా: వెళ్ళొచ్చే ఖర్చు, అక్కడి గది, తిండి, పని దొరకని రోజులు తీసేశాక చేతికి మిగిలేది ఒక పక్క, ఆ మనిషి లేకపోవడం వల్ల కలుపు ఆలస్యమై పోయే పంట, కూలికి పెట్టుకునే మనిషి ఖర్చు ఇంకో పక్క. ఆ పని ఇంట్లో ఉన్న ఆడవాళ్ళ మీదే పడేటట్టయితే అది కూడా రోజుల్లో రాయండి, వాళ్ళ గడిలో ఇప్పటికే ఎన్ని రోజులున్నాయో చూసి అప్పుడు టికెట్ కొనండి.